మణికట్టులో ప్లేటు ఉంది, రోడ్ సైకిల్ కొనవచ్చా?

ప్రశ్న: అన్నా, నాకు 41 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాను, చంద్రగిరి పక్కన ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. పద్నాలుగు నెలల కిందట వానలో స్కూటీ జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక బాగా అతుక్కుంది, సైకిల్ తొక్కవచ్చు అని డాక్టరు గారు చెప్పారు. కానీ ఈ చెయ్యి కుడి చేతిలాగా వెనక్కి వంగదు. నేల మీద అరచెయ్యి ఆనించి లేవాలంటే నొప్పి. పట్టు కూడా తగ్గింది. బెంగళూరులో మా మరిది రోడ్ సైకిల్ తొక్కుతాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అపార్టుమెంటు లోపల ఒక్క చుట్టు తిరిగాను. అప్పట్నుంచి మనసంతా దాని మీదే ఉంది. మరిది కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ ఉన్న సైకిల్ కొనుక్కోమంటాడు. ఇక్కడ షాపాయన, మీ చేతికి రోడ్ సైకిల్ పనికిరాదు, ముందు చక్రానికి షాకబ్జర్లు ఉన్న హైబ్రిడ్ సైకిల్ తీసుకోండి అంటాడు. మా ఆయన ఇంట్లో జిమ్ సైకిల్ పెట్టుకోమంటాడు. 60 వేల దాకా పెట్టగలను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 62 కిలోలు. ఎవరి మాట వినాలి? మళ్ళీ పడతానేమో అన్న భయం కూడా ఉంది.
ఒక టీచరు, తిరుపతి

సమాధానం: టీచరమ్మా, మీరు రోడ్ సైకిల్ కొనవచ్చు. ఎముక అతుక్కుందని డాక్టరు గారు చెప్పారు కాబట్టే ఇంత ధైర్యంగా అంటున్నాను. మీకు సలహా చెప్పిన ముగ్గురూ మీ మంచి కోరినవాళ్ళే. కానీ ముగ్గురూ సైకిల్ గురించే ఆలోచించారు. దాని మీద కూర్చున్నాక మీ ఎడమ చేతి మీద ఎంత భారం పడుతుందన్నది ఎవరూ చూడలేదు. మీ విషయంలో చూడాల్సిందల్లా అదే.

మన దగ్గర బైక్ అంటే మోటారు సైకిలే గుర్తొస్తుంది కాబట్టి మిగతా పాఠకుల కోసం ఒక్క మాట. రోడ్ బైక్ అని షాపుల్లో అమ్మేది, పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉన్న తేలికపాటి గేర్ల సైకిల్.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2011లో రేణిగుంట రోడ్డులో ఇసుక మీద చక్రం జారి కుడివైపు కాలర్ బోన్ విరిగింది. మా అమ్మ పుత్తూరు కట్టుకి తీసుకెళ్ళింది. ఎముక అతుక్కుంది. ఏడు నెలల తర్వాత, దాచుకున్న డబ్బంతా పెట్టి రోడ్ సైకిల్ కొన్నాను. షాపులో ఉన్నది ఒకటే సైజు, అలవాటైపోతుంది సార్ అన్నారు. పది కిలోమీటర్లు దాటగానే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. భుజం మంటగా ఉండేది. విరిగిన చెయ్యి కదా, ఇక ఇంతేలే అనుకుని నాలుగు నెలలు ఓర్చుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున కపిలతీర్థం దగ్గర టీ తాగుతుంటే, చెన్నై నుంచి సైకిల్ మీద వచ్చిన ఒక పెద్దాయన నేను తొక్కుకుంటూ వచ్చిన తీరు చూసి, "నువ్వు చేతుల మీద నిలబడి తొక్కుతున్నావు నాయనా" అన్నాడు. తన సంచీలోంచి చిన్న అలెన్ కీ తీశాడు. ముందుకి వాలి ఉన్న సీటు ముక్కుని సమంగా చేశాడు. సీటుని వేలెడంత వెనక్కి జరిపాడు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్కని, స్టెమ్ అంటారు దాన్ని, ఊడదీసి తలకిందులుగా బిగించాడు. హ్యాండిల్ ఒక అంగుళం పైకొచ్చింది. మొత్తం పావుగంట పని. ఆ రోజు చంద్రగిరి కోట దాకా వెళ్ళొచ్చినా చేతులు నావిగానే ఉన్నాయి. పాత తిమ్మిరి పూర్తిగా పోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. నాలుగు నెలలు నేను విరిగిన ఎముకని తిట్టుకున్నాను, తప్పంతా సైకిల్ అమరికలో ఉంది. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు షాపాయన మాట. తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ మీ మణికట్టుకి సుఖం అన్నాడు కదా. వంటింట్లోకి వెళ్ళి చపాతీ కర్ర తీసుకోండి. రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని కాస్త ముందుకి వాలండి. అరచేతులు నేలను చూస్తుంటాయి, మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. తిన్నని హ్యాండిల్ మీద చెయ్యి ఉండేది ఇలాగే. మీ చెయ్యి వెనక్కి వంగదని మీరే రాశారు. ఇప్పుడు అదే కర్రని రోకలి పట్టుకున్నట్టు నిలువుగా పట్టుకోండి. బొటనవేలు పైకి ఉంటుంది, మణికట్టు ముంజేతికి తిన్నగా ఉంటుంది, ఎటూ మెలిక పడదు. రోడ్ సైకిల్ హ్యాండిల్‌కి ముందువైపు బ్రేకు లివర్ల మీద రబ్బరు తొడుగులు ఉంటాయి, హుడ్స్ అంటారు. వాటి మీద చేతులు పెడితే ఈ రోకలి పట్టు వస్తుంది. మణికట్టు విరిగినవాళ్ళలో చాలామందికి ఈ పట్టే హాయిగా ఉంటుంది. కాబట్టి షాపాయన భయం నిజమైనదే కానీ ఆయన చూపించిన మందు మీ నొప్పికి సరిపడేది కాదు. కర్రతో చేసి చూసినప్పుడు మీకు రెండో పట్టులోనే నొప్పి వస్తే మాత్రం నా లెక్క తప్పు, మీ చెయ్యి చెప్పిందే లెక్క.

దానితోపాటు ఇంకో పరీక్ష. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే దాన్ని బల్ల మీద పెట్టండి. ముందు కుడి పిడికిలిని, బొటనవేలు పైకి ఉండేలా, దాని మీద ఆనించి మెల్లగా వాలండి. ఎన్ని కిలోలు చూపిస్తుందో రాసుకోండి. తర్వాత ఎడమది. నొప్పి మొదలవకముందే ఆపేయాలి, పంతానికి పోకూడదు. ఎడమ చెయ్యి కుడి చేతిలో సగం బరువైనా మోస్తే మీరు షాపుకి వెళ్ళవచ్చు. సగం కూడా రాకపోతే నెలా రెండు నెలలు వ్యాయామం చేయించుకుని వెళ్ళండి. ఇది నేను నా కోసం, నా స్నేహితుల కోసం పెట్టుకున్న గీత, వైద్య సూత్రం కాదు. ఆ రెండు అంకెలూ మీకు ఫిజియోథెరపీ చేసినవాళ్ళకి చూపించండి. బర్డ్ ఆసుపత్రిలోనైనా, స్విమ్స్‌లోనైనా, మీరు చూపించుకున్న చోటైనా సరే, "సైకిల్ తొక్కవచ్చా" అని అడిగితే తొక్కవచ్చు అని ఒక్క మాటతో సరిపెడతారు. "గతుకు వచ్చినప్పుడు ఈ చేతి మీద ఒక్కసారిగా భారం పడుతుంది, తట్టుకుంటుందా" అని అడగండి. జవాబు వేరేగా, వివరంగా వస్తుంది.

ఇక చేతుల మీద భారం ఎందుకు పడుతుందో చెబుతాను, ఇది అర్థమైతే సగం సైకిల్ కొన్నట్టే. సైకిల్ మీద మన బరువు పెడళ్ళు, సీటు, హ్యాండిల్ పంచుకుంటాయి. గోడకి మడమలు ఆనించి నిలబడి, మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగి చూడండి. పక్కన మీ ఆయన్ని నిలబెట్టుకుని చేయండి, ఎందుకంటే ముందుకి పడబోతారు. నడుము వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు కదా. గోడకి దూరంగా వచ్చి వంగండి. నడుము దానంతటదే వెనక్కి పోతుంది, చేతులు గాల్లో ఉన్నా పడరు. సైకిల్ సీటు మరీ ముందుకి ఉంటే మీరు ఆ గోడకి ఆనుకున్నట్టే. పడకుండా ఆపేది చేతులే. చెయ్యి నొప్పి పుట్టినవాళ్ళు చాలామంది హ్యాండిల్ దగ్గరవుతుందని సీటుని ముందుకి జరుపుతారు, కూర్చోవడం కష్టమని సీటు ముక్కుని కిందికి వంచుతారు. రెండూ చేతుల మీద బరువు పెంచేవే. సీటు సమంగా ఉండాలి, తగినంత వెనక్కి ఉండాలి. దగ్గరగా రావాల్సింది హ్యాండిల్.

అందుకని ఫ్రేమ్ ఎంచుకోవడంలో జాగ్రత్త పడాలి. రోడ్ సైకిళ్ళలో రెండు జాతులున్నాయి. పోటీ కోసం చేసినవి పొడవుగా, హ్యాండిల్ కిందికి ఉంటాయి. గంటల తరబడి దూరాలు వెళ్ళడానికి చేసినవాటిని ఎండ్యూరెన్స్ అంటారు. వీటిలో హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా వస్తుంది. మీకు రెండోదే కావాలి, ఇందులో రెండో ఆలోచన వద్దు. షాపువాళ్ళు అన్నింటినీ ఎండ్యూరెన్సే అంటారు కాబట్టి అంకెలు అడగండి. ప్రతి మంచి కంపెనీ ఫ్రేమ్ కొలతల పట్టిక ఇస్తుంది. అందులో స్టాక్ అంటే పెడళ్ళ ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైఅంచు దాకా ఉన్న ఎత్తు. రీచ్ అంటే ఆ రెంటి మధ్య అడ్డంగా ఉన్న దూరం. మీ ఎత్తుకి రీచ్ 365 మిల్లీమీటర్లు దాటకుండా, స్టాక్ 520కి తగ్గకుండా ఉన్నది వెతకండి. సైజు పేరు ఎక్స్‌ఎస్ అని రాసినా, 48 అని రాసినా, 49 అని రాసినా పట్టించుకోవద్దు. ఒక కంపెనీ ఎక్స్‌ఎస్ ఇంకో కంపెనీ ఎస్ కావచ్చు. ఈ రెండు అంకెలు మాత్రం మోసం చేయవు.

కొన్న రోజున షాపులో ఒక్క విషయం గట్టిగా చెప్పండి: ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టం కోయవద్దు. హ్యాండిల్ కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు ఉంటాయి, వాటన్నింటినీ స్టెమ్ కిందే ఉంచి, స్టెమ్‌ని పైకి చూసేలా బిగించమనండి. అందంగా కనిపించాలని కొందరు ఆ గొట్టాన్ని పొట్టి చేసేస్తారు. కోసిన గొట్టాన్ని మళ్ళీ పొడవు చేయలేం. స్టెమ్ 70 నుంచి 80 మిల్లీమీటర్లు ఉంటే మీకు చాలు. మొదట్లో హ్యాండిల్, సీటు ఒకే ఎత్తులో ఉండాలి. హ్యాండిల్ ఒక అంగుళం పైకి ఉన్నా తప్పేమీ లేదు. ఏడాది తర్వాత నడుము, పొట్ట కండరాలు గట్టిపడ్డాక ఒక్కో స్పేసర్ చొప్పున మీరే దించుకుంటారు.

చిన్న ఫ్రేముల్లో ఒక ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. మెల్లగా వెళుతూ బాగా మలుపు తిప్పినప్పుడు ముందు చక్రం మీ చెప్పు కొసకి తగులుతుంది. వేగంలో అంత మలుపు తిప్పం కాబట్టి అప్పుడు ప్రమాదం లేదు. కానీ ఇంటి సందులో తిప్పుకునేటప్పుడు ఉలిక్కిపడి పడిపోతారు. మీకు పడతానన్న భయం ముందే ఉంది. షాపులో సైకిల్ ఎక్కి, ఎవరైనా పట్టుకోగా, పెడల్ ముందుకి పెట్టి హ్యాండిల్ తిప్పి చూడండి. తగులుతుంటే ఎంత తగులుతుందో తెలుసుకుని కొనండి. పెడల్ కడ్డీ 165 మిల్లీమీటర్లది అయితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది, మీ ఎత్తుకి మోకాలికి కూడా అదే మంచిది.

మీది ఎడమ చెయ్యి కావడం వల్ల ఇంకో సంగతి ఉంది. రోడ్ సైకిళ్ళలో గేర్లు బ్రేకు లివర్లలోనే ఉంటాయి. కుడిది వెనక గేర్లు మారుస్తుంది, వేళ్ళతో తాకితే చాలు మారిపోతుంది. ఎడమది ముందున్న రెండు పళ్ళ చక్రాల మధ్య చైను మారుస్తుంది. చిన్నదాని మీద నుంచి పెద్దదాని మీదికి ఎక్కించాలంటే ఆ లివర్‌ని లోపలికి బాగా తోయాలి. సైకిల్ మొత్తంలో చేతికి ఎక్కువ బలం కావాల్సిన గేరు పని ఇదే, అదీ మీ దెబ్బ తగిలిన చేతికే వచ్చి పడింది. నా సలహా ఏమిటంటే ముందు చక్రాలు 50, 34 పళ్ళవి ఉన్న సైకిల్ తీసుకుని, మొదటి ఆరు నెలలు 34 మీదే ఉండిపోండి. వెనక 11 పళ్ళ చక్రం మీద చైను ఉంచి నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకి దాదాపు 31 కిలోమీటర్ల వేగం వస్తుంది. మీకు అంతకంటే వేగం ఇప్పుడు అక్కర్లేదు. వెనక అన్నింటికంటే పెద్ద చక్రం 32 పళ్ళదో 34 పళ్ళదో ఉంటే అలిపిరి వైపు ఎగువ రోడ్డు కూడా ఊపిరి పట్టకుండా ఎక్కుతారు. ముందు ఒకే పళ్ళ చక్రం ఉన్న రోడ్ సైకిల్ మీ ధరలో దొరికితే ఇంకా మంచిది, ఎడమ లివర్‌కి బ్రేకు తప్ప వేరే పనే ఉండదు.

బ్రేకుల విషయంలో, కుడి లివర్ ముందు చక్రానికి ఉందా అని అడిగి, నొక్కి, కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. బయటి దేశాల అమరికతో వచ్చేవాటిలో ఇది తారుమారుగా ఉండవచ్చు. సైకిల్‌ని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. అది మీ బలమైన చేతిలో ఉండాలి. మీ స్కూటీకి కూడా కుడి లివరే ముందు చక్రానిది, చేతికి ఉన్న అలవాటు ఇక్కడ పనికొస్తుంది. తారుమారుగా ఉంటే కేబుల్ బ్రేకులని షాపువాళ్ళు మార్చి ఇవ్వగలరు. లివర్ హ్యాండిల్‌కి ఎంత దూరంలో ఉండాలో సర్దే ఏర్పాటు చాలా మోడళ్ళలో ఉంటుంది. మీ వేళ్ళు సాగదీయకుండా రెండు వేళ్ళతో అందేలా దగ్గరికి తెప్పించుకోండి. కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు అన్నింటికంటే తేలిక, కానీ మీ ధరకి రావడం కష్టం. దానికోసం అప్పు చేయవద్దు. కేబుల్ బ్రేకే అయినా కొత్త మంచి కేబుల్, బిగుతుగా సర్దిన బ్రేకు ఉంటే మీ చేతికి సరిపోతుంది.

మీ మరిది కార్బన్ అంటున్నాడు. కార్బన్ మంచిదే, రోడ్డు జలదరింపుని కొంత మింగుతుంది. కానీ 60 వేలలో కొత్త కార్బన్ సైకిల్ కోసం వెతికితే మిగతా అన్నింటిలో రాజీపడాలి. అల్యూమినియం ఫ్రేమ్, ముందు ఫోర్కు మాత్రం కార్బన్‌ది ఉన్నది చూడండి. గేర్లు షిమానో కంపెనీ క్లారిస్ రకం అయినా చాలు, దానికంటే ఒక మెట్టు పైదైన సోరా దొరికితే సంతోషం. అసలైన సుఖం టైర్లలో ఉంది. ఫ్రేమ్‌లో 32 మిల్లీమీటర్ల టైరు పడుతుందా అని అడగండి. మీ బరువుకి ఆ టైర్లలో ముందు 45, వెనక 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటే, మన వీధుల్లో కాలవల కోసం తవ్వి పూడ్చిన చోట్ల కూడా దెబ్బ మణికట్టు దాకా రాదు. అదే సైకిల్‌కి 25 మిల్లీమీటర్ల టైర్లేసి 100 దాకా గాలి కొట్టించి చూడండి, లక్షన్నర కార్బన్ అయినా చేతులు జల్లుమంటాయి.

షాకబ్జర్ల సంగతీ అంతే. చవక హైబ్రిడ్‌లకి వచ్చే ముందు షాకబ్జర్ బరువు పెంచుతుంది. పెద్ద గుంతని కాస్త ఆపుతుంది కానీ తారు రోడ్డు గరుకుతనం వల్ల వచ్చే సన్నటి అదురుని ఆపలేదు. చేతిని అలసటకి గురిచేసేది ఆ అదురే. దాన్ని ఆపేది వెడల్పు టైరు, అందులో మెత్తటి గాలి. హ్యాండిల్‌కి మందపాటి టేపు చుట్టించండి, జెల్ ఉన్న గ్లౌజులు వేసుకోండి.

గాలి అన్నాను కాబట్టి ఇది కూడా వినండి. ఈ సైకిళ్ళ ట్యూబు మూతి చాలావాటికి సన్నగా ఉంటుంది, ప్రెస్టా వాల్వ్ అంటారు. మన పంచరు షాపుల పంపు దానికి పట్టదు. పంచరు వేసే ఆయన గట్టిగా నొక్కితే లోపలి సన్నటి కడ్డీ వంగిపోతుంది. అలా వంగిపోయిన ట్యూబులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, రెండు కొని ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి సైకిల్ సంచీలో వేసుకోండి. ఇంట్లో మాత్రం మీటరు ఉన్న కాలిపంపు ఉండాలి. బొటనవేలితో నొక్కి చూసి గాలి సరిపోయిందనుకోవడం ఈ టైర్లకి కుదరదు.

కాబట్టి 60 వేలూ సైకిల్‌కే పెట్టవద్దు. పది వేలు పక్కన ఉంచుకోండి. హెల్మెట్, పంపు, ముందూ వెనకా లైట్లు, గ్లౌజులు, లోపల మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు, కుడివైపు అద్దం దాంట్లోకి వస్తాయి. ఆ నిక్కరు మీద బిగుతు లెగ్గింగ్ వేసుకుంటే సరిపోతుంది. ఈ సైకిళ్ళకి చైను కవరు ఉండదు, చుడీదారు అంచు గాని చున్నీ గాని చైనులో పడితే మళ్ళీ అదే కథ. సీటు మెత్తగా ఉందా అని నొక్కి చూసి కొనవద్దు. మరీ మెత్తటి జెల్ సీటు పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఎముకలు దిగబడి పక్కనున్న సున్నితమైన భాగమంతా నలుగుతుంది. మన కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయే సీటు కావాలి. ఆడవాళ్ళకి సాధారణంగా మగవాళ్ళకంటే వెడల్పుది కావాలి, అలాంటిది వేసి ఇవ్వమని అడగండి. కాలికి కట్టుకునే పెడళ్ళు ఇప్పుడే వద్దు, మామూలు చదును పెడళ్ళే. క్షణంలో కాలు నేల మీద పెట్టగలగాలి మీరు.

తిరుపతిలో మీ సైజు రోడ్ సైకిల్ నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి చూపించే షాపు దొరకడం కష్టం. చెన్నై 135 కిలోమీటర్లే. ఒక ఆదివారం మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు రోజు ఫోన్ చేసి సైజు ఉందో లేదో కనుక్కోండి. షాపు ముందు ఒక చుట్టు తిరిగి వచ్చేయవద్దు, ప్రతి సైకిల్ మీదా ఇరవై నిమిషాలు తొక్కనివ్వమని అడగండి. ఆ ఇరవై నిమిషాల్లో ఒక పని చేయాలి. సాఫీ రోడ్డు మీద ఒకే వేగంతో పెడల్ తొక్కుతూ, చేతులు హుడ్స్ మీద నుంచి తియ్యకుండా, పట్టు మాత్రం పూర్తిగా వదులు చేయండి. హార్మోనియం మెట్ల మీద వేళ్ళు ఉన్నంత తేలికగా చేతులు అక్కడ నిలిచాయా, అది మీ సైకిల్. శరీరం ముందుకి జారి, మోచేతులు బిగుసుకున్నాయా, సీటు, స్టెమ్ మార్పించి మళ్ళీ చూడండి. అప్పటికీ కుదరకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దని చెప్పి వచ్చేయండి. స్టాకు ఇదే ఉంది, అలవాటవుతుంది అనే మాట వినపడగానే నన్ను తలుచుకోండి.

మీ ఆయన జిమ్ సైకిల్ అన్నారంటే, మీ చెయ్యి విరిగిన రోజు ఇంకా ఆయన కళ్ళ ముందు నుంచి పోలేదన్నమాట. ఆ మాటని తోసిపారేయకండి. ఆయన్ని చెన్నైకి తీసుకెళ్ళమన్నది కూడా అందుకే. కానీ కదలని సైకిల్ కాళ్ళకి బలమిస్తుంది, పడతానన్న భయాన్ని మాత్రం అలాగే ఉంచుతుంది.

భయం పోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, బ్రేకు మీద నమ్మకం కుదరడం. మొదటి రెండు వారాలు ఎక్కడికీ వెళ్ళవద్దు. యూనివర్సిటీ వైపు వాకింగ్‌కి వచ్చేవాళ్ళు తగ్గిన చోటో, మీ బడి మైదానమో చూసుకుని, నేల మీద సుద్దతో గీత గీసి, ఆ గీత దగ్గర ఆగడం నేర్చుకోండి. ముందు మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. బ్రేకు నొక్కే ముందు మోచేతులు కాస్త వంచి, నడుముని సీటు మీద వెనక్కి జరపండి. లేకపోతే ఒంటి బరువంతా ఒక్కసారిగా చేతుల మీదికి వస్తుంది. గతుకు కనిపించినప్పుడూ అంతే, పెడళ్ళు రెండూ సమంగా ఉంచి సీటు మీద నుంచి రవ్వంత లేవండి, దెబ్బ కాళ్ళు తీసుకుంటాయి. ఇది వందసార్లు చేస్తే చెయ్యి దానంతటదే చేస్తుంది. తడి రోడ్డు మీద స్కూటీ జారినప్పుడు మీకు చేయడానికి ఏమీ లేకపోయింది. ఇక్కడ ఏం చేయాలో మీ ఒంటికి తెలిసి ఉంటుంది.

ఆ తర్వాత అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి వైపు వెళ్ళే రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది, చెట్ల నీడ, కొండ గాలి. అలిపిరి టోల్ గేటు దగ్గర మాత్రం యాత్రికుల బస్సులు, జీపులు ఆ వేళకీ ఆగవు, ఆ నాలుగు వందల అడుగులు దిగి నడిపించుకెళ్ళినా నామోషీ ఏమీ లేదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అటు వెళ్ళనే వద్దు. వేసవిలో ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండండి. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటే, మూడు నెలలకి శ్రీనివాసమంగాపురం గుడి దాకా వెళ్ళి, దర్శనం చేసుకుని, తిరిగి వస్తారు.

దారిలో ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయో గమనించండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు అయితే అరచేతి అంచున ఉన్న నరం హ్యాండిల్ మీద నలుగుతోందని అర్థం. చేతులు మార్చి పెట్టుకుంటూ ఉండండి, సైకిల్ అమరిక మళ్ళీ చూడండి, గ్లౌజులు మార్చండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే మాత్రం సైకిల్ జోలికి వెళ్ళకుండా ముందు మీ ఎముకల డాక్టరు గారికి చూపించండి. ఆ మూడు వేళ్ళకి వెళ్ళే నరం మీ ప్లేటు ఉన్న చోటు మీదుగానే పోతుంది. రాత్రి మణికట్టు వాచినా, ప్లేటు ఉన్న చోట ఒకే బిందువు దగ్గర పొడిచినట్టు ఉన్నా అంతే. ఒక రోజు అలసట నొప్పి మర్నాటికి పోతే భయపడకండి, రెండో రోజుకి కూడా ఉంటే మునుపటి వారం నిమిషాలకి దిగిపోండి.

చెన్నై వెళ్ళే ముందు మీరు చూసిన సైకిళ్ళ స్టాక్, రీచ్ అంకెలు, బల్ల మీద మిషన్ చూపించిన రెండు బరువులు నాకు రాసి పంపండి. ఫ్రేమ్ కొలతల పట్టిక ఫోటో తీసి పంపినా సరే. డబ్బు కట్టకముందే పంపండి, ఏ స్టెమ్ అడగాలో, ఏది వద్దో ఒక్కోదాన్నీ చూసి జవాబు రాస్తాను.